విజువల్ స్టూడియో కోడ్, విమ్: తెలుగు అక్షరం పెట్టిన పరీక్ష

మూడేళ్ల కిందట ఒక యాప్ కోసం జిల్లాల పేర్లున్న జేసన్ (డేటాను రాసిపెట్టే ఒక పద్ధతి) ఫైలును ప్రోగ్రాముకు కలుపుతున్నప్పుడు ఎదురైన ఒక తప్పుతో ఈ సమీక్ష మొదలుపెట్టాలి; కోడ్ రాయడానికి, ఫైళ్లు దిద్దడానికి వాడే విజువల్ స్టూడియో కోడ్, విమ్ అనే రెండు ఎడిటర్ల గురించి ఇది. ఆ ఫైలులో గుంటూరు, నెల్లూరు, ఖమ్మం, నల్లగొండ వెతికితే దొరికేవి. హైదరాబాద్, నిజామాబాద్, ఆదిలాబాద్, వరంగల్, మెదక్ మాత్రం తెర మీద కళ్లెదుటే ఉన్నా ప్రోగ్రాము వాటిని లేవనేది. ఆంధ్ర జిల్లాల్లో ఎన్టీఆర్ వంటి ఒకటీ అరా తప్ప అన్నీ దొరకడం, తెలంగాణలో పదికి పైగా జిల్లాలు గల్లంతు కావడం చూసి, మా జట్టులో ఒకరు ఇదేదో రాష్ట్ర విభజన సమస్యలా ఉందని నవ్వారు కూడా.

అసలు సంగతి పేర్ల చివర ఉంది. మన ఊళ్ల పేర్లు సహజంగా అచ్చుతో ముగుస్తాయి. బాద్ అనో, నగర్ అనో, గల్ అనో అంతమయ్యే పేర్లకే చివర పొల్లు వస్తుంది. ఆ జాబితాను ఎవరో ఫోనులో టైపు చేశారు, ఆ ఫోను కీబోర్డు మాట చివర వచ్చే ప్రతి పొల్లు తర్వాతా జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని అక్షరాన్ని దానంతట అదే చేర్చింది. ఆ అక్షరం తెలుగుకు అవసరమైనదే. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ అన్న మాటలో ‘ట’ కింద ‘వ’ వత్తు వచ్చి కూర్చుంటుంది. అయితే పదం చివర దానికి చేసే పనేమీ లేదు కనుక అది ఉన్న హైదరాబాద్‌కూ లేని హైదరాబాద్‌కూ కంటికి రవ్వంత తేడా ఉండదు, కంప్యూటరుకు మాత్రం అవి రెండు వేర్వేరు మాటలు. ఒక పూటంతా వెతికిన తర్వాత, సర్వర్‌లో ఉన్న ఆ ఫైలును వేరే పని మీద విమ్‌లో తెరిచినప్పుడు, ఆ పేర్లన్నిటి చివరా కోణపు బ్రాకెట్ల మధ్య 200సి అని వేరే రంగులో వికారంగా రాసి ఉంది. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్యనిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో దాని సంఖ్య అదే.

ఆ రోజు నుంచి నేను ఎడిటర్లను చూసే తీరు మారింది. మొదట పన్నెండేళ్లు విమ్‌తో, ఆ తర్వాత ఎక్కువ భాగం విజువల్ స్టూడియో కోడ్‌తో పని చేస్తున్నవాడిగా, ఈ రెండింటిలో ఏది వేగం, ఏది తేలిక అన్న వాదనలు చాలానే విన్నాను, కొన్ని నేనే చేశాను. తెలుగును కోడ్‌లో, డేటాలో, అనువాదపు ఫైళ్లలో రోజూ రాసేవాళ్లకు మాత్రం అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఫైలులో ఉన్నదాన్ని ఎడిటర్ మనం చదువుకునేటట్టు చూపిస్తోందా, ఉన్నదున్నట్టు చూపిస్తోందా? విజువల్ స్టూడియో కోడ్ మొదటి పని చక్కగా చేస్తుంది, విమ్ రెండో పని నిర్మొహమాటంగా చేస్తుంది.

ముందు విమ్ సంగతి చూద్దాం. 1976లో బెర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన వీఐ దీనికి మూలం. ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్ కీబోర్డు మీద బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ అక్షరాల మీదే ముద్రించి ఉండేవి కనుక కర్సర్‌ను కదిలించే పని ఆ నాలుగు మీటలకు దక్కింది, మన వేళ్లు నేటికీ ఆ టెర్మినల్ అలవాటునే మోస్తున్నాయి. బ్రామ్ మోలెనార్ 1991లో అమీగా కంప్యూటర్ల కోసం విమ్‌ను విడుదల చేసి, 2023 ఆగస్టులో కన్నుమూసే దాకా దాన్ని సాకారు. డబ్బు అడగకుండా, ఇష్టమైతే ఉగాండాలోని పిల్లలకు సాయం చేయండని మొదటి తెర మీదే కోరే సాఫ్ట్‌వేర్ నాకు తెలిసి ఇదొక్కటే. దీన్నుంచి బయటపడటం ఎలాగో తెలియక కొత్తవాళ్లు తికమకపడటం మీద ఉన్న హాస్యం పాతబడిపోయింది. విమ్‌ట్యూటర్ అనే పాఠాన్ని అరగంట ఓపిగ్గా చేస్తే ఆ భయం పోతుంది. రెండు కొటేషన్ల మధ్య ఉన్న మాటను మూడు మీటలతో మార్చడం, చేసిన మార్పును చుక్క మీట ఒక్కదానితో మరో యాభై చోట్ల తిరిగి చేయడం అలవాటైన చేతులకు మరే ఎడిటరూ ఒక పట్టాన నచ్చదు.

విమ్ ఎక్కువగా నడిచేది టెర్మినల్‌లో, అంటే ఆజ్ఞలు టైపు చేసే అక్షరాల తెరలో. టెర్మినల్ అంటే గళ్ల నోటు పుస్తకం వంటిది, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. ఇంగ్లీషుకు ఈ ఏర్పాటు సరిగ్గా సరిపోతుంది, తెలుగుకు సరిపోదు. ‘లక్ష్మి’ అన్న మాటనే తీసుకుంటే, చదివేవాడి దృష్టిలో అందులో ఉన్నవి రెండే అక్షరాలు. యూనికోడ్ లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు సంకేతాలు, వాటిని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్ల చొప్పున ఇరవై ఒక్క బైట్లు. విమ్ పొల్లును, గుడిని ముందున్న హల్లుతో కలిపి లెక్కపెడుతుంది కనుక దాని దృష్టిలో ఇవి నాలుగు గళ్లు. మనిషి లెక్క, యంత్రం లెక్క, గళ్ల లెక్క ఇలా మూడు దారులుగా పోయినప్పుడు తెర మీద జరిగేదేమిటంటే, చాలా టెర్మినల్స్‌లో వత్తులు కిందకు దిగకుండా విడివిడిగా నిలబడతాయి, లేదా దిగి పక్కన ఖాళీ వదులుతాయి, కర్సర్ ఒకచోట కనిపిస్తూ మరోచోట పని చేస్తుంది. నాలుగు పేరాల తెలుగు వచనాన్ని ఇలా దిద్దడం కంటికి శిక్ష. అదే సమయంలో, ఏ అక్షరం మీదనైనా కర్సర్ ఉంచి జీ, ఏ నొక్కితే దాని వెనుక ఉన్న సంకేతాలన్నీ, జీ, 8 నొక్కితే బైట్లన్నీ అడుగు వరుసలో చూపించే సౌకర్యం విమ్‌లో పుట్టుకతోనే ఉంది. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు ఈ రెండు ఆజ్ఞలకు సాటి మరేదీ నాకు కనబడలేదు.

తెలుగు టైపింగ్ విషయంలో విమ్ మరో చిక్కు పెడుతుంది, దానికి ముందుచూపున్న పరిష్కారమూ చూపుతుంది. కంప్యూటరు కీబోర్డును తెలుగుకు మార్చుకుని ఒక మాట రాసి, ఎస్కేప్ నొక్కి (విమ్‌లో అక్షరాలు రాసే స్థితి నుంచి ఆజ్ఞల స్థితికి మార్చే మీట అది), కిందకు దిగుదామని జె నొక్కితే, అక్కడ జెకు బదులు ఒక తెలుగు అక్షరం పుడుతుంది, విమ్‌కు అది ఏ ఆజ్ఞో అర్థం కాదు. ప్రతిసారీ భాష మార్చుకుంటూ, మరచిపోతూ, తిట్టుకుంటూ పని చేసేవాళ్లను చూశాను. విమ్‌లోనే ఉన్న కీమ్యాప్ అనే ఏర్పాటు ఈ గొడవను తీరుస్తుంది: మనకు అలవాటైన అమరికను ఒక చిన్న ఫైలుగా రాసి పెట్టుకుంటే, అక్షరాలు రాసే స్థితిలో మాత్రమే తెలుగు పలుకుతుంది, ఆజ్ఞల స్థితికి రాగానే మీటలు తిరిగి ఇంగ్లీషువి అయిపోతాయి. ఆ ఫైలు తయారు చేసుకోవడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. ఆ ఓపిక అందరికీ ఉండాలని నేను అనను.

ఇక విజువల్ స్టూడియో కోడ్. 2015 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ దీన్ని ప్రకటించి, అదే ఏడాది నవంబరులో మూల కోడ్‌ను బయటపెట్టింది. 2024లో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక స్టాక్ ఓవర్‌ఫ్లో జరిపిన సర్వేలో 73 శాతానికి పైగా ప్రోగ్రామర్లు దీన్ని వాడుతున్నామన్నారు. ఇది ఎలక్ట్రాన్ అనే చట్రం మీద నిర్మించినది, అంటే లోపల ఉన్నది క్రోమియం బ్రౌజరే. ఎడిటర్ కోసం ఒక బ్రౌజరునంతటినీ మోయాలా అని విమ్ పక్షాన నేనూ ఒకప్పుడు ఎగతాళి చేశాను, ఖాళీగా తెరిచినా కొన్ని వందల ఎంబీ జ్ఞాపకశక్తిని అది తినే మాట నిజం కూడా. కానీ తెలుగువాళ్లకు ఆ బరువు వల్ల ఒక మేలుంది. బ్రౌజరులో తెలుగు ఎలా కనిపిస్తుందో, ఎడిటర్‌లోనూ అచ్చంగా అలాగే కనిపిస్తుంది. వత్తులు దిగవలసిన చోట దిగుతాయి, గుణింతాలు కుదురుగా ఉంటాయి, లక్ష్మి లక్ష్మిగానే ఉంటుంది.

అక్షరాన్ని ఇలా కూర్చి చూపించడం చిన్న పని కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. నాడు ఆ సందేశంలో జ, పొల్లు, ఞ తర్వాత మా జిల్లాల జాబితాను పాడుచేసిన ఆ కనబడని అక్షరమే ఉండి, దాని తర్వాత దీర్ఘం వచ్చింది. ఆ కూర్పును గీయలేక ఐఓఎస్ 11.2.5 చతికిలబడితే, కొద్ది రోజుల్లోనే 11.2.6ను విడుదల చేయవలసి వచ్చింది. తెలుగును సరిగ్గా గీసే యంత్రాంగం వెనుక అంత లెక్క ఉంటుంది కనుక, ఆ భారాన్ని బ్రౌజరు మీద వేసిన విజువల్ స్టూడియో కోడ్ నిర్ణయాన్ని ఇప్పుడు నేను తప్పు పట్టను.

అలాగని పెట్టెలోంచి తీసిన వెంటనే తెలుగు బాగుంటుందని కాదు. కన్సోలాస్, ఫిరా కోడ్, జెట్‌బ్రెయిన్స్ మోనో వంటి కోడ్ ఫాంట్లలో తెలుగు అక్షరాలు లేవు. అవి లేనప్పుడు కంప్యూటరులో ఏది దొరికితే ఆ ఫాంటును ఎడిటర్ తెచ్చి పెడుతుంది, అది ఒక్కోసారి ఇంగ్లీషు అక్షరాల పక్కన మరీ పెద్దదిగానో మరీ పీలగానో ఉంటుంది. సెట్టింగులలో ఫాంటు పేర్ల వరుసలో ముందు నచ్చిన కోడ్ ఫాంటు, దాని తర్వాత నోటో సాన్స్ తెలుగు లేదా మండలి ఫాంటు పేరు రాస్తే ఇది సర్దుకుంటుంది. రెండోది వరుసల మధ్య ఎడం. మన వత్తులు కిందకు బాగా దిగుతాయి, ఇంగ్లీషు కొలతకు సరిపెట్టిన వరుసలో అవి కింది వరుసను ఒరుసుకుంటాయి, కొన్నిసార్లు తెగిపోతాయి. లైన్ హైట్‌ను 1.7 దాకా పెంచితే కంటికి హాయిగా ఉంటుంది, తెర మీద కనిపించే వరుసలు తగ్గుతాయి. నేను తెలుగు ఎక్కువగా ఉండే ఫైళ్లున్న ఫోల్డర్లకు మాత్రమే ఈ మార్పు పెట్టుకున్నాను, ఆ సదుపాయం ఇందులో ఉంది. ఇంత చేసినా నిలువు వరుసలో ఒకేసారి పలుచోట్ల ఎంచుకునే పని తెలుగు మధ్యలో ఉంటే కుదరదు, ఎందుకంటే మన అక్షరాల వెడల్పు ఒక్కోదానిది ఒక్కో తీరు.

చదువుకునేటట్టు చూపించే ఈ గుణమే దాచిపెట్టే గుణం కూడా. 2021లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ట్రోజన్ సోర్స్ పేరుతో, కనబడని యూనికోడ్ అక్షరాలతో కోడ్ అర్థాన్ని ఎలా మార్చవచ్చో చూపించిన తర్వాత, విజువల్ స్టూడియో కోడ్ అటువంటి అక్షరాల చుట్టూ పసుపు గీత గీయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు మాటల మధ్య నక్కిన అక్షరాన్ని అది బాగా పట్టుకుంటుంది. పూర్తిగా మరో లిపిలో ఉన్న మాటను మాత్రం అనుమానించదు, అలా అనుమానిస్తే సాఫ్ట్‌వేర్ అని రాసిన ప్రతిసారీ గీత పడి తెలుగు ఫైలంతా పసుపు పూసినట్టు ఉంటుంది. అది సబబైన నిర్ణయమే. కాకపోతే హైదరాబాద్ చివర మిగిలిపోయిన అక్షరం విషయంలో మన జాగ్రత్త మనమే పడాలి. వెతికే పెట్టెలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (నమూనాతో వెతికే పద్ధతి) గుర్తు నొక్కి ఆ 200సి సంకేతాన్ని ఇస్తే ఫోల్డరు మొత్తంలో అది ఎక్కడెక్కడ ఉందో క్షణాల్లో దొరుకుతుంది, ఎందుకంటే దాని వెనుక ఉన్నది రిప్‌గ్రెప్ అనే వేగంగా వెతికే సాధనం. ఏం వెతకాలో ముందే తెలిసినప్పుడు విజువల్ స్టూడియో కోడ్‌కు సాటి లేదు. తెలియనప్పుడే విమ్ కావలసి వస్తుంది. పైథాన్‌లో చలరాశులకు తెలుగు పేర్లు పెట్టవచ్చని సరదాపడి ఈ కనబడని అక్షరమున్న పేరు పెడితే, పైథాన్ ఒప్పుకోక సంకేతపు సంఖ్యతో సహా తప్పు చెబుతుంది. ఆ సందర్భంలో ఎడిటర్ల కంటే భాషే మనకు మేలు చేసింది.

తెలుగును పక్కన పెడితే, నన్ను విమ్ నుంచి ఇటు లాగింది లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్, అంటే ప్రోగ్రామింగ్ భాష తెలిసిన ఒక ప్రోగ్రాము ఎడిటర్‌కు సాయపడే ఉమ్మడి పద్ధతి. 2016లో మైక్రోసాఫ్ట్ దీన్ని బయటి ప్రపంచానికి తెరిచింది. అంతకుముందు పది ప్రోగ్రామింగ్ భాషలకు పది ఎడిటర్లలో సాయం కావాలంటే వంద జోడింపులు రాయాలి. ఇప్పుడు ఒక్కో భాషకు ఒక సర్వర్, ఒక్కో ఎడిటర్‌కు ఒక క్లయింట్, అంటే ఇరవై రాస్తే చాలు. ఎఫ్2 నొక్కి ఒక ఫంక్షన్ పేరు మారిస్తే నలభై ఫైళ్లలో అది పిలిచిన ప్రతిచోటా, పిలిచిన చోట మాత్రమే మారడాన్ని మొదటిసారి చూసినప్పుడు, విమ్‌లో వెతికి మార్చే ఆజ్ఞను ఒళ్లు దగ్గర పెట్టుకుని రాసిన రాత్రులు గుర్తొచ్చాయి. డీబగ్గర్ కూడా అంతే. ఒక వరుస పక్కన ఎర్ర చుక్క పెట్టి ప్రోగ్రామును ఆపి, ఆ క్షణాన ఏ చలరాశిలో ఏముందో చదువుకోవడం కొత్తవాళ్లకు నేర్పడానికి దీనికంటే తేలికైన చోటు లేదు. న్యాయంగా చెప్పాలంటే, విమ్ నుంచి 2014లో చీలిన నియోవిమ్ 2021 నాటి 0.5 వెర్షన్‌తో అదే ప్రోటోకాల్‌ను తనలో కలుపుకుంది కనుక, ఆ సౌకర్యం ఇప్పుడు ఒకరి సొత్తు కాదు.

దూరపు సర్వర్‌లోని ఫైళ్లను సొంత కంప్యూటరులో ఉన్నట్టే తెరిచే రిమోట్ ఎక్స్‌టెన్షన్ (ఎడిటర్‌కు అదనంగా తగిలించుకునే భాగం) 2019 నుంచి ఉంది, ఇంటి నుంచి పని చేసిన కాలంలో దాని విలువ బాగా తెలిసింది. అది పని చేయాలంటే అవతలి సర్వర్‌లో తన భాగాన్ని తాను ప్రతిష్ఠించుకోవాలి. 2025 నుంచి ఆ భాగానికి లైనక్స్ ప్రోగ్రాములకు ఆధారమైన గ్లిబ్‌సీ లైబ్రరీ కనీసం 2.28 ఉండాలన్న నియమం వచ్చింది, పాత లైనక్స్ వ్యవస్థ సెంటాస్ 7లో ఉన్నది 2.17. పాత సర్వర్ల మీద బతికే సంస్థలు మన దగ్గర తక్కువేమీ కాదు. అటువంటి చోట వీఐ అని రెండక్షరాలు కొడితే దాదాపు ఎప్పుడూ ఏదో ఒక రూపంలో అది పలుకుతుంది. అర్ధరాత్రి సర్వర్ ఆగిపోయిందని ఫోను వచ్చినప్పుడు ఎక్స్‌టెన్షన్లు దించుకుంటూ కూర్చోలేం కదా.

ధర విషయానికొస్తే రెండూ ఉచితమే, అయితే విజువల్ స్టూడియో కోడ్ ఉచితంలో కొన్ని మడతలున్నాయి. మూల కోడ్ ఎంఐటీ లైసెన్స్‌లో ఉంది, మనం దించుకునే తయారు ప్రోగ్రాముకు మాత్రం మైక్రోసాఫ్ట్ సొంత లైసెన్స్, అందులో వాడకం వివరాలు పంపే టెలిమెట్రీ. సెట్టింగులలో దాన్ని ఆపవచ్చు, లేదా అది లేకుండా కట్టిన వీఎస్‌కోడియమ్‌ను వాడవచ్చు. కానీ అలా వెళ్లినవారికి మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్ల అంగడి వాడే హక్కు ఉండదు; ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ వీఎస్ఎక్స్‌లో దొరికినవాటితో సరిపెట్టుకోవాలి, పైథాన్‌కు అందరూ వాడే పైలాన్స్ వంటివి మూల కోడ్ బయటపెట్టని ఉత్పత్తులు. ఎక్స్‌టెన్షన్లకు విడిగా కంచె ఏదీ లేదు, మనకు కంప్యూటరులో ఎంత అధికారం ఉందో వాటికీ అంతే ఉంటుంది. రంగులు బాగున్నాయని ముక్కూ మొహం తెలియనివి ఎక్కించుకోవడం మంచిది కాదు. గిట్‌హబ్ తయారు చేసిన అటమ్ అనే ఎడిటర్‌ను ప్రేమగా వాడినవాళ్లకు మరో భయం కూడా ఉంటుంది: 2018లో గిట్‌హబ్‌ను మైక్రోసాఫ్ట్ కొన్న తర్వాత, 2022 డిసెంబరులో ఆ ఎడిటర్‌ను మూసేశారు. ఎలక్ట్రాన్ పుట్టింది ఆ ఎడిటర్ కోసమే.

కృత్రిమ మేధ సాయం గురించి ఇక్కడ ఎక్కువ రాయను. కోపైలట్ విజువల్ స్టూడియో కోడ్‌లో బాగా ఇమిడిపోయింది, మామూలు కోడ్‌కు పనికొస్తుంది. అది ఇచ్చే తెలుగు వాక్యాలను మాత్రం ఒకటికి రెండుసార్లు చదవకుండా యాప్‌లో పెట్టకండి.

కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి, ఎనిమిది జీబీ జ్ఞాపకశక్తి ఉన్న కంప్యూటరైనా ఉంటే, నేను విజువల్ స్టూడియో కోడ్‌నే సూచిస్తాను. తెలుగు అనువాదాలు, తెలుగు డేటా చూసేవారికైతే మరో మాట లేకుండా అదే. కంప్యూటరు మరీ పాతదైతే, లేదా పని ఎక్కువగా సర్వర్ల మీదైతే విమ్‌తోనే మొదలుపెట్టవచ్చు, ఆ మీటల అలవాటు వృథా పోదు. నేను విజువల్ స్టూడియో కోడ్‌లో కూడా విమ్ మీటల ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని పని చేస్తున్నాను. అది మాక్రోల (నొక్కిన మీటల వరుసను గుర్తుంచుకుని తిరిగి చేసే ఏర్పాటు) దగ్గర అసలుకు కొంత తగ్గుతుంది, మిగతాదంతా చేతులకు పరిచయమైనదే. తెలుగు భాషా కీబోర్డు గొడవ అక్కడా వస్తుంది, ఆజ్ఞల స్థితికి రాగానే భాషను దానంతట అదే మార్చే సెట్టింగు ఒకటి అందులో ఉంది, దాన్ని వెతికి పెట్టుకోండి.

బయటి నుంచి వచ్చిన ప్రతి తెలుగు ఫైలునూ నేను ఇప్పటికీ ముందు టెర్మినల్‌లో విమ్‌తోనే తెరుస్తాను. చదవడానికి కాదు, పేర్ల చివర కోణపు బ్రాకెట్లు కనబడుతున్నాయేమోనని. కనబడితే ఒక్క ఆజ్ఞతో వరుస చివరలు శుభ్రం చేసి, మూసి, ఆ తర్వాత విజువల్ స్టూడియో కోడ్‌లో తెరిచి పని మొదలుపెడతాను. నిజామాబాద్ మళ్లీ తప్పిపోలేదు.